వకీలు లేని అర్జీకి తేదీలే బలం



జైల్లో ఉన్న మనిషి వకీలు లేకుండా తన విడుదల కోసం తానే హైకోర్టుకి అర్జీ పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. అతని తల్లి పెట్టొచ్చా? పెట్టొచ్చు. భార్య పెట్టొచ్చు. అన్నదమ్ములు పెట్టొచ్చు. స్నేహితుడైనా పెట్టొచ్చు. చదువు రాకపోతే వేలిముద్ర వేసి పెట్టొచ్చు.

ఈ అర్జీనే హెబియస్ కార్పస్ పిటిషన్ అంటారు. ఈ పేరు మీరు పేపర్లో చూసే ఉంటారు. పేరు వినగానే ఇది పెద్దవాళ్ల వ్యవహారమని, లక్షలు పోస్తేగాని జరిగే పని కాదని అనుకుంటాం. కానీ మన రాజ్యాంగం ఈ తలుపు పేదవాడి కోసమే తెరిచి పెట్టింది. 226వ అధికరణం కింద హైకోర్టుకి వెళ్లొచ్చు. 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకి వెళ్లొచ్చు. మామూలుగా ముందు హైకోర్టుకే వెళ్లాలి. నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్తే, హైకోర్టుకి వెళ్లారా, అక్కడ ఏం తేలింది అని అర్జీలోనే చెప్పాలి.

ఈ అర్జీ వేస్తే ఏం జరుగుతుంది? కోర్టు ప్రభుత్వాన్ని ఒకే ప్రశ్న అడుగుతుంది. ఈ మనిషిని ఏ అధికారంతో బంధించారు? చూపించండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. నిర్బంధం చట్టప్రకారం జరిగిందని రుజువు చేయాల్సిన బరువు ప్రభుత్వం మీదే ఉంది. జైల్లో ఉన్నవాడి మీద లేదు. అతని తల్లి మీద లేదు.

మరి వాళ్ల వైపు నుంచి ఏం కావాలి? ఈ ప్రసంగంలో నేను చెప్పదల్చుకున్నది అదే. తేదీలు కావాలి. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. సెక్షన్లన్నీ కంఠస్థం రానక్కర్లేదు. ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎప్పుడు కాగితం ఇచ్చారు, ఎప్పుడు మనం వినతి పంపాం, ఎప్పుడు జవాబొచ్చింది. ఇవి సరిగ్గా రాస్తే అర్జీకి ప్రాణం వస్తుంది.

ఉత్తరం రాస్తే కోర్టు పట్టించుకుంటుందా అని మీకు అనుమానం రావచ్చు. తీహార్ జైల్లో సునీల్ బాత్రా అనే ఖైదీ ఉండేవాడు. అతనికి ఉరిశిక్ష పడింది. అదే జైల్లో ఇంకో ఖైదీని డబ్బుల కోసం ఒక వార్డరు దారుణంగా హింసించాడని అతనికి తెలిసింది. వెంటనే సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. తన కోసం రాసుకోలేదు. పక్కవాడి కోసం రాశాడు. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకుంది. 1979 డిసెంబరు 20న తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్. జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలనీ, జిల్లా న్యాయాధికారులు జైళ్లకి వెళ్లి ఖైదీల గోడు వినాలనీ అందులో ఆదేశాలున్నాయి. ఉరిశిక్ష పడ్డ ఖైదీ రాసిన ఉత్తరం దేశంలోని జైళ్లన్నిటికీ వర్తించే తీర్పు తెచ్చింది.

ఆ మరుసటేడు, 1980లో, ఒక తల్లి తన కొడుకు కోసం సుప్రీంకోర్టుకి వెళ్లింది. అతన్ని స్మగ్లింగ్‌కి సంబంధించిన కాఫెపోసా చట్టం కింద నిర్బంధించారు. ఆ కేసులో జస్టిస్ భగవతి ఒక మాట స్పష్టంగా చెప్పారు. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన అర్జీల్లో రాతకోతల పద్ధతులు గట్టిగా పట్టుకోబోమన్నారు. జైలు నుంచి వచ్చిన పోస్టుకార్డు కూడా కోర్టుని కదిలించడానికి చాలని చెప్పారు.

అయితే శ్రోతలారా, ఒక జాగ్రత్త ఉంది. జైల్లో ఉన్న ప్రతివాడికీ ఇదే దారి కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. తప్పు తలుపు తట్టి నెలలు పోగొట్టుకుంటారు. ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

మీవాడు కేసులో అరెస్టయ్యాడు. మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. మేజిస్ట్రేటు రిమాండ్‌కి పంపారు. అప్పుడు అతన్ని బంధించింది కోర్టు ఉత్తర్వు. అలాంటప్పుడు మామూలుగా హెబియస్ కార్పస్ నిలవదు. అతనికి కావాల్సింది బెయిలు. రిమాండ్ ఉత్తర్వే పూర్తిగా చట్టవిరుద్ధమైతే అది వేరే సంగతి.

మీవాడికి విచారణ జరిగి శిక్ష పడింది. తీర్పు తప్పని మీ బాధ. అప్పుడూ హెబియస్ కార్పస్ కాదు. అప్పీలు వేయాలి.

మరి ఈ అర్జీ ఎవరికి? పోలీసులు తీసుకెళ్లి 24 గంటలు దాటినా మేజిస్ట్రేటు ముందు పెట్టకపోతే, ఎక్కడున్నాడో చెప్పకపోతే, అప్పుడు ఇదే దారి. శిక్ష పూర్తయినా, నిర్దోషి అని తేలినా ఇంకా లోపలే ఉంచితే, అప్పుడూ ఇదే దారి. బీహార్‌లో రుదుల్ షా అనే వ్యక్తి 1968 జూన్‌లో నిర్దోషిగా తేలాడు. జైలు నుంచి బయటికి వచ్చింది 1982 అక్టోబరులో. పద్నాలుగేళ్లు! అతని తరఫున హెబియస్ కార్పస్ వేశాకే ఆ తలుపు తెరుచుకుంది. 1983లో సుప్రీంకోర్టు పరిహారం కూడా ఇప్పించింది. ఆ కేసు మొత్తానికి ఆధారం ఒక్క తేదీ. నిర్దోషి అని తీర్పు వచ్చిన తేదీ.

ఇక మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ అర్జీ ఎక్కువగా అవసరమయ్యేది ముందస్తు నిర్బంధం కేసుల్లో. మనందరం పీడీ యాక్టు అంటాం. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం అది. నాటుసారా కేసులున్నాయనో, గూండా అనో, దోపిడీలు చేస్తున్నాడనో కలెక్టరుగాని పోలీసు కమిషనరుగాని ఉత్తర్వు ఇస్తారు. ఇందులో విచారణ ఉండదు. నేరం రుజువవదు. ముందుముందు నేరం చేస్తాడేమోనని ఏడాది దాకా లోపల పెట్టొచ్చు.

ఏడాది అంటే మాటలు కాదు. కూలికి వెళ్లే ఇల్లయితే ఆ ఏడాదిలో అప్పు పెరుగుతుంది. పిల్లల బడి ఆగిపోతుంది. తెలంగాణలో ఈ చట్టం వాడుతున్న తీరు మీద సుప్రీంకోర్టు 2022లో, మళ్లీ 2023లో, మళ్లీ 2024లో గట్టిగా మాట్లాడింది. 2023 నాటి కేసులో కోర్టుకెళ్లింది నిర్బంధంలో ఉన్న మనిషి భార్య. సుప్రీంకోర్టు ఆ నిర్బంధాన్ని కొట్టేసింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మామూలు కేసు పెట్టి రుజువు చేయాల్సిన చోట పీడీ యాక్టు పెట్టడం అన్యాయం. ఆ అన్యాయాన్ని నిలదీసే హక్కు ప్రతి తల్లికీ, ప్రతి భార్యకీ ఉంది.

మరి నిలదీయడం ఎలా? మళ్లీ తేదీల దగ్గరికే వద్దాం.

మీ వంటింటి గోడకి వేలాడే క్యాలెండరు గుర్తు తెచ్చుకోండి. పాలు పోయని రోజు దగ్గర సున్నా చుడతారు. గ్యాస్ బండ వచ్చిన రోజు దగ్గర గీత పెడతారు. నెలాఖరున పాలాయన లెక్క తేడాగా చెప్తే, మీరు గొడవ పడరు. క్యాలెండరు చూపిస్తారు. అంతే, లెక్క తేలిపోతుంది. హెబియస్ కార్పస్ అర్జీ కూడా అలాగే పనిచేస్తుంది. మీవాడు మంచివాడని పది పేజీలు రాస్తే కోర్టుకి అది ఉపయోగపడదు. ఫలానా రోజు జరగాల్సిన పని ఫలానా రోజుకి జరగలేదని రాస్తే ప్రభుత్వం జవాబు చెప్పి తీరాలి.

పీడీ చట్టంలో ప్రభుత్వానికి గడువులున్నాయి. కొంచెం నెమ్మదిగా చెప్తాను, వినండి.

కలెక్టరో కమిషనరో ఉత్తర్వు ఇచ్చాక, దాన్ని పన్నెండు రోజుల్లోపు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాలి. ఆమోదించకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఈ పన్నెండు రోజులూ ఉత్తర్వు తేదీ నుంచి లెక్క.

మనిషిని నిర్బంధించాక, అయిదు రోజుల్లోపు కారణాలు రాసిన కాగితాలు అతని చేతికి ఇవ్వాలి. ఈ అయిదు రోజులూ నిర్బంధించిన రోజు నుంచి లెక్క. మళ్లీ చెప్తున్నాను. పన్నెండు రోజుల్లో ప్రభుత్వ ఆమోదం. అయిదు రోజుల్లో కారణాల కాగితాలు.

తర్వాత, మూడు వారాల్లోపు విషయాన్ని సలహా మండలి ముందు పెట్టాలి. అడ్వయిజరీ బోర్డు అంటారు. ఆ బోర్డు ఏడు వారాల్లోపు నివేదిక ఇవ్వాలి. చాలినంత కారణం లేదని బోర్డు చెప్తే ప్రభుత్వం అతన్ని వదిలేయాల్సిందే. ఈ రెండు గడువులూ నిర్బంధించిన రోజు నుంచే లెక్క.

ఇప్పుడు ఆ కాగితాల సంగతి చూద్దాం. కాగితాలు ఇచ్చారంటే సరిపోదు. అతనికి తెలిసిన భాషలో ఇవ్వాలి. హిందీ మాత్రమే వచ్చిన ఒక వ్యక్తికి ఇంగ్లీషులో కారణాలు ఇచ్చి, నోటితో వివరించామని ప్రభుత్వం చెప్పిన కేసు ఉంది. 1960లలోనే సుప్రీంకోర్టు అది చెల్లదంది. మరి తెలుగు ఒక్కటే వచ్చిన మనిషికి ఇంగ్లీషు కట్ట చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే? అది అర్జీలో రాయాల్సిన మొదటి సంగతి. కాగితాలు చదవడానికి వీల్లేకుండా మసకగా ఉన్నా రాయండి. కాగితాల్లో ప్రస్తావించిన పత్రాలు జత చేయకపోయినా రాయండి.

ఇంకో తేదీ కూడా చూడండి. ఉత్తర్వులో చూపించిన చివరి కేసు ఎప్పటిది? ఆ కేసుకీ ఈ ఉత్తర్వుకీ మధ్య ఎన్ని నెలల ఎడం ఉంది? ఎప్పుడో జరిగినదాన్ని తవ్వి తీసి ఇప్పుడు నిర్బంధిస్తే కోర్టు ఒప్పుకోదు. ఆ కేసుల్లో బెయిలు వచ్చిందా? వస్తే, ఏ తేదీన వచ్చింది? ఆ సంగతి ఉత్తర్వులో ఉందా? బెయిలు నచ్చకపోతే పోలీసులు బెయిలు రద్దు కోరాలి. దానికి బదులు పీడీ పెట్టడాన్ని సుప్రీంకోర్టు తప్పు పట్టింది.

అర్జీలోకి వెళ్లేముందు ఇంకో మాట. నిర్బంధంలో ఉన్న మనిషికి ప్రభుత్వానికి వినతి పెట్టుకునే హక్కు ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు అది. ఈ వినతి జైల్లోంచే రాయొచ్చు. తెలుగులో రాయొచ్చు. ప్రభుత్వం ఆమోదించేలోపు, ఉత్తర్వు ఇచ్చిన అధికారికి కూడా వినతి పెట్టుకోవచ్చు. ఇలా పెట్టుకోవచ్చని ఆ అధికారే ఖైదీకి చెప్పాలి. చెప్పకపోతే అదీ లోపమే.

వినతి అందాక ప్రభుత్వం వెంటనే చూడాలి. దీనికి ఇన్ని రోజులని గడువు లేదు. కానీ ఆలస్యమైతే ఎందుకైందో కోర్టుకి చెప్పుకోవాలి. ఫైలు ఎవరి బల్ల మీద ఎన్ని రోజులుందో చెప్పాలి. చెప్పలేకపోతే నిర్బంధం నిలవదు. అందుకే వినతి పంపిన తేదీ బంగారం లాంటిది. వినతి పంపలేదా? ఇవాళే పంపమని చెప్పండి.

సలహా మండలి ముందు వకీలుని పెట్టుకునే హక్కు లేదు. ప్రభుత్వం తన తరఫున న్యాయ సలహాదారుని తెచ్చుకుంటే మాత్రం ఖైదీకి కూడా ఆ అవకాశం ఇవ్వాలి. అదొకటే కాదు. వకీలు కాని స్నేహితుడి సాయం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1980ల మొదట్లోనే చెప్పింది. ఊళ్లో చదువుకున్న కుర్రాడు, బంధువుల్లో ఒక టీచరు, ఎవరైనా సరే. వాళ్లని తీసుకెళ్లడానికి ముందుగానే రాతపూర్వకంగా అనుమతి అడగాలి.

ఇక అర్జీ. ఒక తల్లి రాస్తోందనుకుందాం. ఎలా రాయాలో ఇప్పుడు చదువుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి.

గౌరవనీయ హైకోర్టు వారికి. నా పేరు ఫలానా. మాది ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా జిల్లా. నేను ఫలానా వ్యక్తికి తల్లిని. నా కొడుకు ఇప్పుడు ఫలానా సెంట్రల్ జైల్లో ఉన్నాడు. జూన్ 3వ తేదీన ఫలానా నంబరుతో పోలీసు కమిషనరు ఇచ్చిన ఉత్తర్వు మీద నిర్బంధించారు. జూన్ 5న జైల్లో పెట్టారు. కారణాల కాగితాలు జూన్ 14న ఇచ్చారు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. నా కొడుక్కి తెలుగు తప్ప వేరే భాష రాదు. జూన్ 16న జైలు సూపరింటెండెంటు ద్వారా ప్రభుత్వానికి వినతి పంపాడు. ఈ రోజు వరకు జవాబు రాలేదు. నా కొడుకు నిర్బంధంలో ఉండి స్వయంగా రాలేడు కాబట్టి అతని తరఫున నేను పెట్టుకుంటున్నాను. ఈ విషయం మీద ఇంతకుముందు ఏ కోర్టులోనూ అర్జీ వేయలేదు. ఈ నిర్బంధం చట్టానికి విరుద్ధం. కాబట్టి నా కొడుకుని కోర్టు ముందు హాజరుపరిచి విడుదల చేయించవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇంతే. ఒక పేజీ కూడా నిండదు. కానీ ఇందులో ఏముందో గమనించండి. అయిదు రోజుల్లో ఇవ్వాల్సిన కాగితాలు తొమ్మిది రోజులకి ఇచ్చారు. తెలియని భాషలో ఇచ్చారు. వినతికి జవాబు లేదు. మూడు తప్పులు, మూడూ తేదీలతో సహా. ఆ తల్లి ఒక్క సెక్షను కూడా చెప్పలేదు. చెప్పాల్సిందంతా చెప్పింది.

ఖైదీయే స్వయంగా రాస్తే, తన ఇష్టంతోనే ఈ అర్జీ పెడుతున్నానని రాయాలి. వేరేవాళ్లు రాస్తే, అతను ఎందుకు రాలేకపోతున్నాడో రాయాలి. ఈ వాక్యం చిన్నదే గాని, నియమాలు అడిగే వాక్యం. మరిచిపోవద్దు.

ఎవరి మీద వేయాలి? రాష్ట్ర ప్రభుత్వం మీద, ఉత్తర్వు ఇచ్చిన అధికారి మీద, జైలు సూపరింటెండెంటు మీద. మనిషిని పోలీస్ స్టేషన్లో దాచి ఉంచారని మీ అనుమానమైతే ఆ స్టేషను అధికారి మీద, జిల్లా ఎస్పీ మీద.

అర్జీతోపాటు ప్రమాణ పత్రం ఉండాలి. అఫిడవిట్ అంటాం. పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేసి సంతకం పెట్టడం. బయట ఉన్నవాళ్లు నోటరీ దగ్గర చేయించొచ్చు. లోపల ఉన్నవాళ్లు జైలు అధికారి ముందు సంతకం పెట్టి ధ్రువీకరణ చేయించుకోవాలి. అబద్ధం ఒక్కటి కూడా రాయొద్దు. పాత కేసులుంటే ఉన్నాయని రాయండి. ఇంతకుముందు వేసిన అర్జీ కొట్టేస్తే అది కూడా రాయండి. దాచిన సంగతి ప్రభుత్వ వకీలు బయటపెడితే అసలుకే మోసం వస్తుంది.

జత చేయాల్సినవి: నిర్బంధం ఉత్తర్వు నకలు, కారణాల కాగితం నకలు, ప్రభుత్వ ఆమోదం నకలు, వినతి నకలు, వినతి పంపిన రసీదు. ఇవి మీ దగ్గర లేకపోతే? లేవని రాయండి. అడిగినా ఇవ్వలేదని రాయండి. ఎప్పుడు అడిగారో రాయండి. కాగితం లేదని అర్జీ ఆపుకోవద్దు. ఆ కాగితాలు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. తెమ్మని కోర్టు అడుగుతుంది.

డబ్బు సంగతి. హెబియస్ కార్పస్‌కి సుప్రీంకోర్టులో కోర్టు ఫీజు లేదు. ఖైదీలు పెట్టుకునే అర్జీకి ఫీజు అక్కర్లేదని 1870 నాటి కోర్టు ఫీజుల చట్టంలోనే ఉంది. కాబట్టి ఫీజు కట్టాలి, పదివేలు తెండి అని ఎవరైనా మధ్యవర్తి అంటే నమ్మొద్దు. జైలు గేటు బయట, ములాఖత్ కోసం నిలబడ్డ ఆడవాళ్ల దగ్గరికి ఇలాంటి మనుషులు వస్తుంటారు. చేతిలో సంచి, ఆ సంచిలో కొడుక్కి తెచ్చిన బట్టలు, కొంగున ముడేసిన డబ్బులు. ఆ డబ్బులే పోతాయి. దయచేసి జాగ్రత్త.

ఎలా పంపాలి? లోపల ఉన్నవాళ్లు జైలు సూపరింటెండెంటు ద్వారా పంపాలి. ఇచ్చేటప్పుడు ఒక మాట అడగాలి. ఏ తేదీన తీసుకున్నారో రాసివ్వమని అడగాలి. ఇన్‌వార్డు నంబరు అడగాలి. బయట ఉన్నవాళ్లు హైకోర్టు రిజిస్ట్రారుకి స్పీడ్ పోస్టులో పంపొచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లకి హైకోర్టు అమరావతిలో, తెలంగాణ వాళ్లకి హైదరాబాదులో ఉంది. 2019 జనవరి 1 నుంచి ఇవి వేరువేరు కోర్టులు. రసీదు పారేయొద్దు.

మన పెద్దవాళ్లు దీనికి ఒక పద్ధతి పాటించేవాళ్లు. ఇంట్లో మనిషిని పోలీసులు పట్టుకెళ్తే పరుగున పోస్టాఫీసుకి వెళ్లి టెలిగ్రాం కొట్టేవాళ్లు. కలెక్టరుకి ఒకటి, హైకోర్టుకి ఒకటి. దాని మీద తేదీ, గంట, నిమిషం పడేవి. రెండు రోజుల తర్వాత పోలీసులు ఇవాళే అరెస్టు చేశామని చెప్తే, ఆ టెలిగ్రామే సాక్ష్యంగా నిలబడేది. 2013లో టెలిగ్రాములు ఆగిపోయాయి. ఇప్పుడు ఆ పని ఈమెయిల్ చేస్తుంది. ఎస్పీకి, కలెక్టరుకి అదే రోజు ఈమెయిల్ పంపండి. పంపినట్టు ఫోన్లో ఉంటుంది. రోజు, సమయం ఉంటాయి. అది చెరపొద్దు.

ఒక నిజం కూడా చెప్పాలి. రాసిన ప్రతి ఉత్తరాన్నీ హైకోర్టు పిటిషన్‌గా నమోదు చేస్తుందని నేను చెప్పను. కొన్ని ఉత్తరాల్లో ఏ వివరమూ ఉండదు. ఏ జైలో ఉండదు. ఏ ఉత్తర్వో ఉండదు. నా కొడుకుని కాపాడండి అని మాత్రం ఉంటుంది. ఆ బాధ నిజమైనదే. కానీ కోర్టు ఎవర్ని పిలవాలి, ఏమని అడగాలి? అందుకే ఇంతసేపు తేదీల గురించి చెప్తున్నాను. అదే అర్జీ నకలు ఒకటి హైకోర్టు న్యాయసేవల కమిటీకి కూడా పంపండి. వాళ్లు తెలుగు అర్జీని సరైన రూపంలో పెట్టి దాఖలు చేయించగలరు.

ఇప్పుడు రిమాండ్‌లో ఉన్నవాళ్ల సంగతి, శిక్ష పడ్డవాళ్ల సంగతి కొద్దిగా. వాళ్లకీ వకీలు లేకుండా దారులున్నాయి. అక్కడా తేదీలే ముఖ్యం.

రిమాండ్ ఖైదీకి అరవై రోజులు లేదా తొంభై రోజులు గుర్తుండాలి. ఆలోపు పోలీసులు చార్జిషీటు వేయాలి. పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష, యావజ్జీవం, ఉరి పడే నేరాలకి తొంభై రోజులు. మిగతావాటికి అరవై. గడువు దాటినా చార్జిషీటు పడకపోతే బెయిలు అతని హక్కు. కానీ అడగాలి. చార్జిషీటు వేసేలోపే అడగాలి. నోటిమాటగా అడిగినా చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. వాయిదాకి తీసుకెళ్లినప్పుడు, వీడియోలో హాజరుపరిచినప్పుడు, అయ్యా, నాకు అరవై రోజులు దాటింది, బెయిలు ఇప్పించండి అని ఒక్క మాట అనాలి.

శిక్ష పడ్డవాళ్లు జైలు నుంచే అప్పీలు వేయొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 424వ సెక్షను, ఆ హక్కు ఇస్తోంది. అప్పీలు కాగితం, తీర్పు నకలు జైలు అధికారికి ఇస్తే, ఆయన దాన్ని పై కోర్టుకి పంపాలి. పంపడం ఆయన బాధ్యత. హైకోర్టుకైతే అరవై రోజులు, సెషన్స్ కోర్టుకైతే ముప్పై రోజులు గడువు. ఉరిశిక్ష మీద హైకోర్టుకి వెళ్లాలంటే ముప్పై రోజులే. తీర్పు నకలు ఖైదీకి ఉచితంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. ఇచ్చినట్టు సంతకం కూడా జైలు అధికారి తీసుకోవాలంది. ఆ కేసులో ఖైదీకి తీర్పు నకలు ఏళ్ల తరబడి అందలేదు. అందుకే ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

గడువు దాటిపోయిందా? అయినా వేయండి. ఎందుకు ఆలస్యమైందో కారణం రాసి, మన్నించమని కోరండి. నకలు ఆలస్యంగా అందితే ఆ తేదీ రాయండి.

శ్రోతలారా, వకీలు లేకుండా అర్జీ వేయొచ్చని ఇంతసేపూ చెప్పాను. వకీలు వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచి వకీలు దొరికితే తప్పకుండా పెట్టుకోండి. డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం, నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ప్రభుత్వ ఖర్చుతో వకీలుని ఇవ్వాలి. ఆదాయం ఎంత అని చూడకూడదు. ఏ కేసు అని చూడకూడదు. జైల్లో ఉన్నాడు, అంతే చాలు. జైళ్లలో న్యాయ సహాయ కేంద్రాలున్నాయి. పారా లీగల్ వాలంటీర్లు ఉంటారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద ఒక దరఖాస్తు ఇస్తే చాలు. వకీలు వచ్చేదాకా అర్జీ ఆపొద్దు. అర్జీ వేశాక వకీలు వచ్చి చేరొచ్చు.

ఈ వారం ములాఖత్‌కి వెళ్లేవాళ్లు ఎవరైనా వింటుంటే, ఒక పని చేయండి. మీవాణ్ని నాలుగు తేదీలు అడగండి. నిన్ను పట్టుకున్నది ఎప్పుడు? కాగితాలు ఇచ్చింది ఎప్పుడు? నువ్వు వినతి పంపింది ఎప్పుడు? జవాబు వచ్చింది ఎప్పుడు? అక్కడికక్కడే రాసుకోండి. సాయం కావాలంటే న్యాయసేవల ఉచిత ఫోను నంబరు 15100. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. తెలుగులోనే మాట్లాడండి.